వందేళ్ల గడువు

భూమ్మీద స్వర్గం ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకు మేడమ్ బ్లావట్‌స్కీ దగ్గర జవాబుంది. 1875లో న్యూయార్క్‌లో దివ్యజ్ఞాన సమాజాన్ని నెలకొల్పినవారిలో ఆమె ముఖ్యురాలు. 1889లో ‘ది కీ టు థియోసఫీ’ పుస్తకాన్ని ముగిస్తూ, ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్లలో మరొకరు వచ్చి దారి చూపుతారనీ, సమాజం అప్పటిదాకా నిలబడితే ఆ పై శతాబ్దంలో భూమి ఇప్పటితో పోలిస్తే స్వర్గంలా ఉంటుందనీ రాశారు. ‘న్యూ ఏజ్’ పేరుతో ఈనాడు వినపడే ఆశలకు తల్లివేరు చాలామటుకు ఇక్కడే ఉంది.

ఆమె 1891లో కన్నుమూశారు. వందేళ్లు ఆగే ఓపిక తర్వాతివారికి లేకపోయింది.

1909లో మద్రాసు అడయారు తీరంలో, సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంట ఒక తెలుగు పిల్లవాడు పడ్డాడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. పద్నాలుగేళ్లు, తల్లి లేదు. జగద్గురువు ఈ దేహంలోనే అవతరిస్తాడని లెడ్‌బీటర్, సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ నమ్మారు. ఆ రాకకు లోకాన్ని సిద్ధం చేయడానికి 1911లో నక్షత్ర సంఘం పుట్టింది. కృష్ణమూర్తినీ అతని తమ్ముడినీ తిరిగి తెచ్చుకోవడానికి తండ్రి నారాయణయ్య కోర్టుకెక్కారు. మద్రాసులో గెలిచి, లండన్ ప్రివీ కౌన్సిల్‌లో ఓడిపోయారు. లోకకల్యాణం పేరుతో పిల్లల్ని కన్నతండ్రికి దూరం చేయడం నాకెప్పటికీ మింగుడుపడదు.

తమ్ముడు నిత్యానందకు క్షయ. అవతార కార్యానికి అతను అవసరం గనుక బతుకుతాడన్న భరోసా కృష్ణమూర్తికి బలంగా ఉండేది. 1925 నవంబరులో ఇండియాకు వస్తుంటే, ఓడ సూయజ్ దగ్గర ఉండగా తంతి అందింది. తమ్ముడు పోయాడు. ఆ దెబ్బతో లోపల ఏదో తెగిపోయి ఉంటుంది.

1929 ఆగస్టు 3. హాలండ్‌లోని ఓమెన్‌లో నక్షత్ర సంఘం శిబిరం. ఎదురుగా మూడు వేలమందికి పైగా సభ్యులు, వాళ్లలో తనను పెంచిన అనీబిసెంట్. వాళ్ల ముందే సంఘాన్ని రద్దు చేశారు కృష్ణమూర్తి. సత్యానికి ఏ సంస్థా దారి వేయలేదని చెప్పారు, అనుచరులు వద్దన్నారు. విరాళంగా వచ్చిన కోటనూ భూములనూ దాతలకు తిరిగి ఇచ్చేశారు. ముప్పై నాలుగేళ్ల వయసులో అంత సిరినీ అంత భక్తినీ వదులుకున్న ఆ తెగువకు సాటి నాకు కనిపించదు.

ఎదురుచూపు మాత్రం ఆగలేదు. దివ్యజ్ఞాన సమాజం నుంచి బయటికొచ్చిన ఆలిస్ బెయిలీ 1948లో క్రీస్తు పునరాగమనం మీద పుస్తకమే రాశారు. ఆమె రచనలు చదివినవాళ్ల ద్వారా ఆ ఆశ యూరప్, అమెరికాల్లోని చిన్నచిన్న బృందాలకు చేరింది.

1962లో స్కాట్లండ్‌లో హోటల్ ఉద్యోగాలు పోయిన పీటర్, ఐలీన్ కాడీ దంపతులు, స్నేహితురాలు డొరొతీ మక్లీన్ ఫిండ్‌హార్న్ ఇసుకనేలలో ఒక కారవాన్‌లో మకాం పెట్టి, దాని పక్కనే కూరగాయలు పండించడం మొదలుపెట్టారు. దైవ సందేశాలు వాళ్లకూ వస్తుండేవి, కొత్త యుగం మీద వాళ్లకూ గురి ఉండేది. 1970లో అక్కడికి వచ్చిన డేవిడ్ స్పాంగ్లర్ అనే అమెరికన్ యువకుడు, ఆ యుగం ఇప్పటికే మొదలైంది, ఇక కట్టుకోవడమే మన పని అన్నాడు. అక్కడికి వచ్చినవాళ్లకు తోటలోనో వంటింట్లోనో పని అప్పజెప్పేవారు. ఆ పనే వాళ్ల సాధన.