గోధ – హస్తఘ్నం: ముంజేతి రక్షక పునర్నిర్మాణంలో పదసాక్ష్యం

ఉపోద్ఘాతం

బాణం వదిలినప్పుడు వింటినారి విల్లు పట్టిన చేతి లోపలివైపు, మోచేతికీ మణికట్టుకూ మధ్య తాకే అవకాశం ఉంది. ఆ దెబ్బను అడ్డుకొనే సాధనమే ముంజేతి రక్షకం. తోలు, నార మన వాతావరణంలో త్వరగా శిథిలమవుతాయి. కాబట్టి ప్రాచీన భారతీయ రక్షకాన్ని తిరిగి తయారుచేయదలచినవారికి పదమే ముఖ్యాధారం. ఆ పదం ఎంతవరకు దారి చూపుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వస్తుసాక్ష్యం – పరిమితి

2002లో ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ సమీపాన, ఎమ్స్‌బరీ వద్ద, సుమారు 4300 ఏళ్లనాటి సమాధిలో రెండు రాతి రక్షకాలు దొరికాయి. రాయి నిలిచింది, దాన్ని చేతికి కట్టిన పట్టీ నిలవలేదు. 1545లో మునిగి, 1982లో వెలికితీసిన మేరీ రోజ్ నౌకలో మాత్రం తోలు రక్షకాలు లభించాయి. సముద్రగర్భపు బురద వాటిని కాపాడింది. అయితే ఐరోపాలోని కొన్ని సమాధుల్లో రాతి పలకలు ముంజేతి వెలుపలివైపు కనిపించడంతో అవి అలంకారాలేమో అన్న చర్చ వచ్చింది. వస్తువు దొరికినంత మాత్రాన దాని ప్రయోజనం తేలదు.

పదసాక్ష్యం

ఋగ్వేదం ఆరవ మండలంలోని 75వ సూక్తం యుద్ధపరికరాలను స్తుతిస్తుంది. అందులో హస్తఘ్నం పామువలె చేతిని చుట్టుకొంటుందన్న వర్ణన ఉంది. ఇది పలకను కాక, చుట్టిన పట్టీని సూచిస్తుంది. అమరకోశం క్షత్రియవర్గంలో గోధ, తలం అనే పదాలను జ్యాఘాతవారణమనే అర్థంలో చెప్పింది. గోధ అంటే ఉడుము కూడా. మూర్వ (చాగ) నారతో చేసిన వింటినారికి మౌర్వి అన్న పేరు వచ్చినట్లే, ఇక్కడా పదార్థనామమే వస్తునామమైందని భావించవచ్చు. కాని పేరు పుట్టుకను బట్టి ప్రతి గోధనూ ఉడుము తోలుతోనే చేశారని నిర్ణయించకూడదు. మౌర్వి కాలక్రమంలో ఏ నారతో చేసిన వింటినారికైనా పేరైంది.

అభిజ్ఞానశాకుంతలంలో మరొక సాక్ష్యం ఉంది. మొదటి అంకంలో దుష్యంతుని చేతిపై మౌర్వి వల్ల కాయ కాచిన గుర్తు ప్రస్తావనకు వస్తుంది. ఆరవ అంకంలో వింటితోపాటు హస్తావాపం అందుతుంది. విరాటపర్వంలో అర్జునుడు ఇలాంటి గుర్తులనే గాజులతో కప్పుకొంటాడు. కాబట్టి రక్షకం దెబ్బను పూర్తిగా తప్పించిందనో, దాన్ని ఎల్లప్పుడూ ధరించేవారనో అనుకోలేం.

పునర్నిర్మాణ విధానం

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ఉడుమును రక్షిస్తున్నది. అందువల్ల ఆ తోలును వాడరాదు. తంగేడు పట్ట, కరక్కాయలతో ఊనిన మేకతోలును వాడవచ్చు. ప్రత్యామ్నాయం వాడామన్న సంగతిని నివేదికలో స్పష్టంగా చెప్పాలి. హస్తఘ్న వర్ణన ప్రకారం సన్నని పట్టీని చుట్టాలి. తలం అన్న పేరును ఆధారం చేసుకొని, తడిపిన తోలును చేతి ఆకారానికి ఒదిగించి ఆరబెట్టి, పలకవంటి రెండో నమూనా చేయవచ్చు. ముడులు చేతి వెలుపలివైపే ఉండాలి.

చుట్టే దిశ కీలకం. నారి మోచేతివైపు నుండి మణికట్టువైపు జారుతుంది. పట్టీని మణికట్టు దగ్గర మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందుదానిపై కొంత పడేలా మోచేతివైపు చుట్టాలి. అప్పుడు అంచులు పైకప్పు పెంకుల్లా అమరి, నారిని తట్టుకోకుండా జారనిస్తాయి. తిరగేసి చుడితే నారి అంచుల్లో చిక్కుకొంటుంది. వేదవర్ణన చుట్టను చెప్పింది గాని దిశను చెప్పలేదు. ఆ లోటును చేతిపని పూరిస్తుంది.

ముగింపు

ఇలా చేసిన నమూనా ఒక ఆకారం సాధ్యమని చూపుతుంది. ప్రాచీనులు అదే వాడారని నిరూపించదు. ఈ తేడాను పాటిస్తేనే పునర్నిర్మాణం పరిశోధన అవుతుంది. సాహిత్య పరిశోధకుల బాధ్యత కూడా ఇక్కడే ఉంది. యుద్ధసందర్భంలో గోధను ఉడుముగానే అనువదిస్తే వాక్యార్థం చెడుతుంది. కేవలం కవచమని సరిపెడితే వస్తువే మరుగున పడుతుంది. నిఘంటుకారుడు, అనువాదకుడు, తోలుపనివాడు కలిసి చూడవలసిన పదమిది.