నీటి మీద రంగస్థలం



ఆమధ్య తరగతిలో పాఠం చెబుతుంటే 'తెప్ప' అనే మాట వచ్చింది. తెలుగులోనూ కన్నడంలోనూ అదే మాట. అర్థం అడిగితే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. మా మారతహళ్ళికి ఒక పక్క బెళ్ళందూరు చెరువు, మరో పక్క వర్తూరు చెరువు. ఇంత పెద్ద చెరువుల నడుమ పెరుగుతున్న పిల్లలకు తెప్ప తెలియదు! ఆ మాట మీదే ఈనాటి నా ప్రసంగం.

నీటి మీద నాటకశాల అనగానే చదువుకున్నవారికి అమెరికా గుర్తొస్తుంది. 1831లో చాప్‌మన్ కుటుంబం పిట్స్‌బర్గ్ నుంచి పడవలో బయలుదేరి, ఒహాయో, మిసిసిపీ నదుల ఒడ్డు ఊళ్ళలో ఆగుతూ నాటకాలు ఆడింది. 1914లో జేమ్స్ ఆడమ్స్ తేలే నాటకశాల ఒకటి కట్టించాడు. దానికి సొంత ఇంజను లేదు, వేరే పడవలు లాగేవి. ఎడ్నా ఫెర్బర్ అనే రచయిత్రి 1925లో ఆ పడవలో కొన్నాళ్ళుండి, మరుసటి ఏడు 'షో బోట్' నవల వెలువరించింది. సినిమాలు, మంచి రోడ్లు వచ్చాక ఆ పడవలకు గిరాకీ తగ్గింది. ఆడమ్స్ కట్టించిన పడవ 1941లో కాలిపోయింది.

మన దేశంలో పద్ధతి వేరు. అక్కడ ప్రేక్షకులు టిక్కెట్టు కొని పడవ ఎక్కారు. ఇక్కడ పడవే రంగస్థలం, కోనేటి మెట్లే గ్యాలరీ. టిక్కెట్టు లేదు. అదే తెప్పోత్సవం. భక్తికి భక్తి, వేడుకకు వేడుక.

తిరుమల స్వామి పుష్కరిణిలో ఫాల్గుణ పున్నమితో ముగిసేలా ఐదు రోజులు తెప్పోత్సవం జరుగుతుంది. మొదటి రోజు సీతారామలక్ష్మణులు, రెండో రోజు రుక్మిణీకృష్ణులు, చివరి మూడు రోజులు శ్రీదేవీ భూదేవీ సమేతంగా మలయప్పస్వామి విహరిస్తారు. పుష్కరిణి నడుమనున్న నీరాళి మంటపాన్ని 1468లో సాళువ నరసింహుడు కట్టించాడని చెబుతారు. తెప్ప మీద దీపాలు, నాదస్వరం. రాత్రివేళ నీటిపైని గాలి చల్లబడి శబ్దాన్ని కిందికి వంచుతుంది. అందుకే తెప్ప మీది మేళం అవతలి గట్టున కూర్చున్నవారికీ స్పష్టంగా వినిపిస్తుంది.

తెలుగు మూలాలున్న తిరుమల నాయకుడు మధురలో 1645 ప్రాంతంలో పెద్ద తెప్పకుళం తవ్వించాడు. తన మహలుకు ఇటుకల మట్టి తీసిన గోతినే కోనేరుగా మార్చాడని అక్కడివారు చెప్పుకుంటారు. తై మాసపు పున్నమినాడు మీనాక్షీ సుందరేశ్వరుల తెప్పను జనమే గట్టు మీద నుంచి తాళ్ళతో లాగుతారు. అంటే చూడవచ్చినవారే తెప్ప నడిపేవారు కూడా. భద్రాచలంలో ముక్కోటికి ముందురోజు సాయంత్రం సీతారాములు గోదావరిలో హంసవాహనం మీద విహరిస్తారు. బెజవాడలో విజయదశమి సాయంత్రం దుర్గమ్మ కృష్ణానదిలో విహరిస్తుంది.

అయితే ఈ రంగస్థలానికి నీరే ఆధారం. నీరు పొంగినా కష్టమే, ఎండినా కష్టమే. 2020లో కృష్ణకు వరద వచ్చినప్పుడు హంసవాహనం నది మధ్యకు వెళ్ళలేదు, పూజ ఒడ్డునే జరిగింది. మధుర కోనేటికి నీళ్ళు వైగై నుంచి కాలువ ద్వారా రావాలి. కాలువ పూడిపోయి కోనేరు ఎండిన ఏళ్ళలో తెప్పను ఒకేచోట నిలిపి, కదలకుండానే ఉత్సవం జరిపారు. మేళం ఉంది, జనం ఉన్నారు, దేవుడున్నాడు. లేనిది నీరు ఒక్కటే.

ఇప్పుడు మా చెరువుల సంగతి చూడండి. నగరపు మురుగు చేరి బెళ్ళందూరు చెరువు నురగలు కక్కింది. 2015లోనూ, 2017లోనూ, 2018లోనూ ఆ చెరువులో మంటలు లేచాయి. దాని నీరు వర్తూరు చెరువుకు, అక్కణ్ణించి దక్షిణ పినాకినికి పోతుంది. ఆ నీటిలో తెప్పను ఎవరు దింపుతారు? ఆ గట్టు మీద పిల్లల్ని ఎవరు కూర్చోబెడతారు? మా పిల్లలకు ఒక మాట తెలియకపోవడం వెనుక ఇంత కథ ఉంది.

మీ ఊళ్ళో కోనేరో చెరువో ఉంటే, దాంట్లోకి నీళ్ళు ఏ కాలువ గుండా వస్తున్నాయో ఒకసారి మీ పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. వచ్చే ఫాల్గుణ పున్నమికి వీలైతే తిరుమల పుష్కరిణి మెట్ల మీద వాళ్ళను కూర్చోబెట్టండి. తెప్ప అంటే ఏమిటో అప్పుడు మీరు చెప్పనక్కరలేదు.