అట్ట ఓడలూ అసలు ఓడలూ

రెండు దేశాల నౌకాదళాలను పక్కపక్కన పెట్టి తూచే పట్టిక మనకిప్పుడు మామూలే. అది రూపు దిద్దుకోవడంలో ఒక బల్లమీది ఆటకు పెద్ద వాటా ఉంది.

ఫ్రెడ్ టి. జేన్ ఇంగ్లండులో పత్రికలకు బొమ్మలు గీసి బతికే మనిషి. చిన్నప్పటి నుంచీ యుద్ధనౌకలంటే పిచ్చి. ఆ పిచ్చితోనే ఒక ఆట కట్టాడు. బల్లమీద చిట్టి ఓడలు, అటొక దేశం, ఇటొక దేశం. ఫిరంగి పేల్చాలంటే, మేకు బిగించిన బ్యాటులాంటి దాంతో ఎదుటి ఓడ బొమ్మ ఉన్న అట్టను కొట్టాలి. మేకు దిగినచోట గుండు తగిలినట్టు.

చిక్కంతా ఆ తర్వాతే. అక్కడ ఉక్కు కవచం ఎన్ని అంగుళాలు? ఈ ఫిరంగి దాన్ని చీలుస్తుందా, చీల్చదా? బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా ఓడలన్నిటికీ ఒకే కొలబద్ద లేకపోతే ఆట కాస్తా తగవులోకి దిగుతుంది. అందుకే 1898లో ప్రపంచ యుద్ధనౌకలన్నిటినీ ఒక పుస్తకంలోకి ఎక్కించాడు. బొమ్మలు తనే గీశాడు. ఫిరంగుల బలానికీ కవచం గట్టిదనానికీ అక్షరాలతో తరగతులు పెట్టాడు. దూరాన కనిపించే నల్లటి ఆకారాన్నిబట్టి, పొగగొట్టాలు లెక్కపెట్టి, అది ఏ ఓడో పోల్చుకునే ఏర్పాటూ చేశాడు. నా మటుకు అసలు తెలివంతా ఈ చివరిదాన్లోనే ఉంది.

అప్పటి బ్రిటన్‌కు ఈ లెక్క ఆటవిడుపు కాదు. తమ తర్వాతి రెండు పెద్ద నౌకాదళాలు కలిసినా తమను మించకూడదని 1889లోనే ఒక విధానంగా పెట్టుకున్న దేశం అది.

చిత్రమేమంటే, ఆ లెక్కల్ని తలకిందులు చేసిన ఊహ కూడా జేన్ పుస్తకంలోనే అచ్చయింది. ఇటలీ నౌకా ఇంజనీరు విట్టోరియో కునిబెర్టి 1903 సంచికలో, 12 అంగుళాల ఫిరంగులు పన్నెండున్న ఓడ కట్టొచ్చని రాశాడు. అప్పటి పెద్ద ఓడలకు అలాంటివి సాధారణంగా నాలుగే. ఆయన నమూనాను సొంత దేశం వద్దంది. ఈలోగా ఆ దిశగానే ఆలోచిస్తున్న బ్రిటిష్ అడ్మిరల్ ఫిషర్, పోర్ట్స్‌మత్‌లో పది పెద్ద ఫిరంగులతో, టర్బైన్లతో, 21 నాట్ల వేగంతో ‘డ్రెడ్‌నాట్’ కట్టించాడు. 1906 ఫిబ్రవరి 10న అది నీళ్లలోకి దిగింది. దాంతో పాత ఓడలన్నీ వెనకబడ్డాయి. బ్రిటన్‌వే వాటిలో ఎక్కువ! జర్మనీ 1907లో అలాంటిదే ‘నసావు’ అనే ఓడ కట్టడం మొదలుపెట్టింది. పందెం మళ్లీ మొదటి గీత దగ్గరికి వచ్చింది. 1909 నాటికి బ్రిటన్‌లో జనం ఎనిమిది ఓడలు కట్టాల్సిందేనని గోల పెట్టారు.

జేన్ 1916 మార్చిలో పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ ఏడాదే మే 31న, జట్లాండ్ దగ్గర సముద్రంలో బ్రిటన్, జర్మనీ దళాలు తలపడ్డాయి. డ్రెడ్‌నాట్ తరహా ఓడలు బ్రిటన్‌వి 28, జర్మనీవి 16. బ్యాటిల్ క్రూయిజర్లు 9కి 5. పట్టిక ప్రకారం తూకం ఎటో చెప్పక్కర్లేదు. అయినా మూడు బ్రిటిష్ బ్యాటిల్ క్రూయిజర్లు పేలి మునిగాయి. త్వరత్వరగా పేల్చాలన్న ఆత్రంలో మందుగుండును గదుల బయట పోగేసి, నిప్పు లోపలికి పాకకుండా ఆపే తలుపుల్ని పట్టించుకోని అలవాటు ఆ ఓడల్లో ఉండేది. అలాంటిదానికి ఆ పట్టికలో గడి లేదు.