ప్రైవేటు ఫిర్యాదు

పోలీసులతో నిమిత్తం లేకుండా పౌరుడు నేరుగా మేజిస్ట్రేటు ముందు వేసే క్రిమినల్ కేసు. నేరాన్ని ఎవరైనా కోర్టు దృష్టికి తేవచ్చని 1984లో ఎ.ఆర్. అంతూలే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి ఇలాంటి ఫిర్యాదులకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ వర్తిస్తోంది. మేజిస్ట్రేటు ఫిర్యాదిని, సాక్షులను ప్రమాణం చేయించి విచారిస్తారు. నిందితుడికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వనిదే కేసు స్వీకరించరాదు.

కాలుష్య కేసులన్నీ ఈ కోవలోకి రావు. సంగారెడ్డి జిల్లా బొల్లారం, పటాన్‌చెరు పరిశ్రమల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కినది రిట్ పిటిషన్. శిక్ష కోరే కేసు కాదు. శిక్ష కోరేందుకు 1974 నాటి జలకాలుష్య చట్టానికి 1988లో చేసిన సవరణ దారి తెరిచింది: కాలుష్య నియంత్రణ మండలికి కనీసం 60 రోజుల ముందు నోటీసిచ్చి ఎవరైనా ఫిర్యాదు వేయవచ్చు. వాగు పాడవుతున్న ఊరికి అది చాలా దీర్ఘమైన గడువు. అయితే ఫిర్యాది అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలు ఇవ్వాలి. నీటి నమూనాలను సొంతంగా పరీక్ష చేయించుకోలేని రైతుకు అసలు బలం ఇదే. ప్రజాప్రయోజనం పేరిట నిరాకరించే వెసులుబాటు మాత్రం మండలికి ఉంది.