రాలుకాయల వేళ

మే మొదటి వారం. నూజివీడు దగ్గర ఒక చిన్నరసాల తోట. ఇంకా తెల్లవారలేదు. రాత్రి గాలిదుమారానికి నాలుగు చినుకులు కూడా పడ్డట్టున్నాయి, కాలికింద ఎండుటాకులు గలగలమనడం లేదు. ముందు తోట పెద్దాయన, చంకలో గంప, చేతిలో చిన్న కత్తి. వెనక మీరు.

“పైకి చూడకండి, కింద చూస్తూ రండి” అంటారాయన. కాయలతో కొమ్మలు వంగిన తోటకొచ్చి తలెత్తొద్దంటే ఎలా?

టార్చి వెలుగులో ఒక కాయ. పచ్చగా, నిండుగా ఉంది. బజారులో అయితే మీరు ఏరి మరీ సంచిలో వేసుకునేదే. ఆయన దాన్ని తిప్పి, ఒకచోట బొటనవేలు ఆనించారు. సూదిపోటంత చుక్క, చుట్టూ గోధుమరంగు మచ్చ. నొక్కితే నీరు ఊరింది. కత్తి దిగేసరికి పులిసిన వాసన, కుళ్లిన గుజ్జులో తెల్లటి పురుగులు. ఒకటి మీ అరచేతిలో పడి, తలా తోకా కలిపి విల్లులా వంగి, చటుక్కున ఎగిరి చొక్కా మీద వాలింది. మీరు కెవ్వుమన్నారు. ఆయన నవ్వలేదు.

“మట్టి కోసం వెతుక్కుంటోందండీ.”

పండు ఈగ పిల్ల అది. పక్వానికొస్తున్న కాయ తొక్కలోకి తల్లి ఈగ గుడ్లు గుచ్చి పోతుంది. పిల్ల గుజ్జులోనే పెరుగుతుంది. పైన ఎంత మందు కొట్టినా లోపలున్నదాన్ని ఏం చేస్తుంది? బాగా ఎదిగాక కాయలోంచి దూకి మట్టిలోకి దిగుతుంది. ఆయన చెట్టు కింద మన్ను వేళ్లతో గీకితే, రెండు మూడు అంగుళాల లోపే, గోధుమరంగు గింజల్లాంటివి నాలుగు దొరికాయి. వారం పది రోజులాగితే నాలుగు ఈగలు. కాపు దిగాక చాళ్లు దున్నిస్తే ఇవన్నీ పైకి తేలతాయి, మిగతా పని గోరింకలది.

అందుకే ఈ ఏరుడు. చెట్టు చెట్టుకీ వంగడం, లేవడం. పదో చెట్టు దగ్గరికొచ్చేసరికి మీ నడుము మీ మాట వినడం లేదు. ఏరిన కాయల్ని పూడ్చాలంటే కనీసం రెండడుగుల గొయ్యి కావాలి, తవ్వే కూలీ కావాలి. ఆయన మందపాటి ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి బిగించి ఎండ తగిలేచోట పడేస్తున్నారు. సంచిలో ఉడికిపోతాయి.

వెలుగొచ్చింది. కొమ్మకు వేలాడుతున్న డబ్బా చుట్టూ ఈగలు ముసురుకున్నాయి. దగ్గర ముక్కు పెడితే లవంగం లాంటి వాసన. మిథైల్ యూజినాల్, మన తులసిలోనూ ఉండేదే. దీని కథ మొదలైంది మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో దోమల కోసం సిట్రొనెల్లా నూనె వాడుకున్న ఒకాయన మీదికి ఈగలు గుంపుగా వచ్చాయట. హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త 1912లో ఆ సంగతి రాసి, తర్వాత అసలు పదార్థాన్ని పట్టుకున్నాడు.

అయితే ఈ డబ్బాలో పడేవి మగ ఈగలే. లోపలి చెక్కముక్కకు వాసనతోపాటు పురుగుమందూ పట్టించారు కనుక దీన్ని పూర్తిగా సహజం అనలేను. కాకపోతే ఆ మందు డబ్బా దాటి కాయ మీదికి రాదు. నాకది చాలు.

మెడ మీద చురుక్కుమంది. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమ. క్రీ.శ. 304 నాటిదని చెప్పే చైనా గ్రంథంలోనే, నారింజ తోటల కోసం ఇలాంటి చీమగూళ్లను సంచుల్లో అమ్మేవారని ఉంది. ఆయన మాత్రం సగమే మెచ్చుకుంటారు. “పురుగుల్ని తింటాయి, నిజమే. తీపి కోసం పిండినల్లికి కాపలా కూడా కాస్తాయి. కోతకొచ్చినవాళ్లు ఈ చెట్టు ఎక్కం అంటారు.”

తోట చివర ముళ్లకంచె. అవతల ఇంకొకరి తోట, గుత్తకిచ్చారు. రాలినవి రాలినట్టే ఉన్నాయి, పగిలిన కాయల మీద జుయ్యిమని ఈగలు. కంచె ఇవతల మీరు రెండు గంటలుగా ఏరినదంతా గుర్తొచ్చింది.

“వాళ్లకి చెప్పారా?”

“చెప్పానండీ, పోయినేడూ చెప్పాను.”

ఆయన గంప బోర్లించి దులిపారు. కర్రతో ముళ్లకంప పక్కకు నెట్టి, పంచె ఎగ్గట్టి, అవతలి తోటలోకి దిగి వంగారు.

“మీరా సంచి పట్టుకు రండి.”