రాక్షసుల బొమ్మలూ, పూరణకవులూ



పోతన భాగవతంలో పంచమ స్కంధాన్ని బొప్పరాజు గంగన, షష్ఠాన్ని ఏర్చూరి సింగన, చివరి రెండింటినీ వెలిగందల నారయ పూరించారని మనం చదువుకున్నదే. కంప్యూటరు ఆటల్లోనూ ఇటువంటి పూరణ ఒకటి జరిగిందని, సెలవులకు ప్రత్తిపాడు వచ్చిన మా మనవడి వల్ల తెలిసింది.

1993 డిసెంబరులో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 'డూమ్' అనే ఆటను విడుదల చేసింది. తుపాకి పట్టినవాని కంటితోనే లోకాన్ని చూస్తూ రాక్షసులను వధించే ఆట అది. (రాక్షససంహారం మనకు కొత్తది కాదు గనుక నేను వెరవలేదు.) అందులో ఆటను నడిపే యంత్రాంగం వేరు, బొమ్మలు, ధ్వనులు, రంగస్థలాలు ఉండే 'వాడ్' దస్త్రం వేరు. ఛందస్సు వేరు, పద్యం వేరు అన్నట్లు. 1997లో ఆ సంస్థ యంత్రాంగపు మూలరచనను బయటపెట్టి, 1999లో దానిని జీపీఎల్ అనే స్వేచ్ఛా అనుమతి కిందికి మార్చింది. బొమ్మలను మాత్రం వదలలేదు. బండి ఊరందరిదీ అయింది, ఎద్దులు ఆసామివే.

ఆ లోటు తీర్చడానికి 2001లో 'ఫ్రీడూమ్' మొదలైంది. ఔత్సాహికులు తలా ఒక బొమ్మ, ఒక ధ్వని చేసి చేర్చారు. వారి నియమాలు చూడండి. ప్రతి అంశానికీ ఎనిమిది అక్షరాలకు మించని పేరు, అదీ మూలంలో ఉన్న పేరే కావాలి. రాక్షసుని బొమ్మ పేరులో మొదటి నాలుగక్షరాలు వాడెవడో చెబుతాయి. తరువాతి అక్షరం భంగిమను, ఆపై అంకె ఎనిమిది దిక్కులలో ఏ దిక్కునుండి చూస్తున్నామో చెబుతాయి. రంగులు 256 మాత్రమే. పేరు తప్పితే, ఆ బొమ్మలను నమ్ముకొని ఇతరులు అప్పటికే కట్టిన రంగస్థలాలు పాడవుతాయి. యతిప్రాసలే నయమనిపించింది!

అసలు కష్టం వేరే ఉంది. నారయకు ఎదుట వ్యాసుని మూలముంది, చూసి వ్రాసుకోవచ్చు. వీరికి మూలం తెలిసి ఉండాలి గాని, దానిలోని గీత ఒక్కటీ రాకూడదు. పాత బొమ్మకు మెరుగులు దిద్ది పంపితే చెల్లదు. మరొక ఆటనుండి ఎత్తుకొచ్చినదీ చెల్లదు. ఒక్క చౌర్యం దూరినా మొత్తం దస్త్రాన్ని స్వేచ్ఛగా పంచే హక్కే సందేహంలో పడుతుంది.

2005లో క్వేక్-3 మూలరచన విడుదల కాగానే 'ఓపెన్ ఎరీనా' ఇదే బాట పట్టింది.

ఫ్రీడూమ్‌లో పలువురి చేతివాటం తెలిసిపోతూనే ఉంటుంది. ఒక గోడకూ మరో గోడకూ పొత్తు కుదరని చోట్లున్నాయి. రాక్షసుల ముఖాలు మారాయి. నడక, బలం యంత్రాంగంలోనివి కనుక అవి మాత్రం పాతవే.