సంధియు సంకీర్తనమును

కలసి పాడువారు కలహింపరని లోకములో నొక నమ్మకము గలదు. భజనగోష్ఠిలో నొక్క పల్లవిని నూఱు కంఠము లందుకొన్నప్పుడు ఆ మాట నిజమే యనిపించును. కాని పాట నిజముగా వైరమును తీర్పగలదా? తీర్చినచో నే మేరకు? ఈ ప్రశ్నలకు జర్మనీ దేశమున సాక్సనీ మండలమందలి హెర్న్‌హూట్ అను చిన్న గ్రామము చరిత్ర చక్కని సమాధానము చెప్పగలదని నా యభిప్రాయము. ఆ కథను నేడు శ్రోతలకు విన్నవింతును.

ఆ గ్రామమును నెలకొల్పినవారు పొరుగు సీమయగు మొరేవియానుండి వచ్చిన కాందిశీకులు. బొహీమియా మతసంస్కర్తయగు యాన్ హుస్ 1415వ సంవత్సరమున సజీవదహనము చేయబడెను. ఆయన బోధల ననుసరించినవారిలో కొందఱు 1457లో నొక సహోదర సంఘముగా నేర్పడిరి. మాతృభాషలో సభ యంతయు గొంతెత్తి పాడుట వారి యారాధనకు ప్రాణము. వారి పాటలు 1531లో జర్మను భాషలోను అచ్చయ్యెను. 1620లో ప్రేగు నగరము చెంత జరిగిన శ్వేతపర్వత యుద్ధములో ప్రొటెస్టెంటులు ఓడిపోయిన పిమ్మట ఆ సంఘము చెల్లాచెదరయ్యెను. స్వదేశమున మిగిలినవారు నూఱేండ్లు రహస్యముగా తమ విశ్వాసమును కాపాడుకొనిరి.

1722లో క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి యట్టి కుటుంబములను కొన్నింటిని సరిహద్దు దాటించి, జిన్‌జెండార్ఫ్ అను యువ జమీందారు భూమికి చేర్చెను. జూన్ 17వ తేదీన అతడచ్చట తొలి చెట్టును నఱకెను. హెర్న్‌హూట్ అనగా ప్రభువు కాపుదల యని యర్థము. ఈ జమీందారు 1710 మొదలు 1716 వఱకు చదువుకొన్న హాలె పట్టణము తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ స్వదేశమునకు మరలిపోయి, 1746-47 ప్రాంతమున తెలుగు పుస్తకములను అచ్చొత్తించిన దా యూరిలోనే.

1727 నాటికి హెర్న్‌హూట్ జనసంఖ్య సుమారు 300. కాని యూరు పెరిగినకొలది మనస్సులు విరిగెను. లూథరు మతస్థులు కొందఱు, కాల్విను మార్గమువారు కొందఱు, ఏ సంఘమునకును లోబడని స్వతంత్రులు కొందఱు. పొరుగున నున్న బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయమునకు లోబడి యుండవలెనా, లేక పూర్వుల సహోదర సంఘమును పునరుద్ధరింపవలెనా యన్నదే పెద్ద తగవు. ఆ వేడిలో జమీందారును ప్రకటన గ్రంథమందలి మృగమనియు, పాదిరిని అబద్ధ ప్రవక్త యనియు దూషించినవారు గూడ నుండిరి. అందఱను వెంటబెట్టుకొని వచ్చిన క్రిస్టియన్ డేవిడే కొంతకాలము విముఖుడై యూరి వెలుపల నిల్లు కట్టుకొనెను. ఇక్కడ నొక్క విషయము గమనింపుడు. లూథరు మతస్థులకును పాటలు కలవు. మొరేవియావారికిని పాటలు కలవు. ఆ పాటలు వారి తగవును ఆపలేదు.

అప్పుడు జిన్‌జెండార్ఫ్ డ్రెస్డెనులోని కొలువునకు సెలవు పెట్టి, గ్రామమునకే వచ్చి కాపురముండెను. ఇల్లిల్లు తిరిగి యొక్కొక్కరి మాటయు వినెను. మే 12వ తేదీన గ్రామస్థుల నందఱను సమావేశపఱచి కొన్ని కట్టుబాట్లను చదివి వినిపించెను. ఈ యూరివారు వెట్టిచాకిరికి లోనుగా రనుట అందొకటి. అన్యశాఖలవారిని నిందింపక ప్రేమతో మెలగవలె ననుట మఱియొకటి. జనులు సమ్మతించి చేతులు కలిపిరి. 12 మంది పెద్దల నెన్నుకొనిరి. తరువాత నాగస్టు 13వ తేదీన అందఱును బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయములో ప్రభురాత్రి భోజనమునకు కూడిరి. వారు మోకరించి పాడుచుండగా దుఃఖము పొంగి పొరలి, పాట యేడుపులో మునిగిపోయె నందురు. నాటి దినమునే మొరేవియన్ సంఘము తన పునర్జన్మ దినముగా నెంచుచున్నది.

పలువు రీ కథను చెప్పునప్పుడు ఆగస్టును పొగడి మే నెలను మఱతురు. నాకు మే నెలయే ముఖ్యముగా తోచుచున్నది. మూడు నెలలు ముందు న్యాయమైన కట్టుబాటు కుదిరినది గనుకనే పాట హృదయమును తాకినది.

అట్లని పాటను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కుదిరిన సంధిని నిలిపినది పాటయే. హెర్న్‌హూట్‌లో గానసభ యను నొక యారాధన వెలసెను. అందుపదేశ ముండదు. నాయకుడు వేఱువేఱు కీర్తనలనుండి చరణముల నేరి, ఒక్క భావసూత్రమున గ్రుచ్చి పాడును. సభ పుస్తకము చూడకయే యందుకొనును. ఒక చరణము లూథరుది, వెనువెంటనే మఱియొకటి పాత సహోదరులది. పాడువానికి ఇది మాది, అది మీది యను భేదము తలపునకు రాదు. 1732 ఈస్టరు నాటి వేకువను యువకులు కొందఱు ఊరి శ్మశానమునకు పోయి పునరుత్థాన గీతములు పాడిరి. ఆ యాచారము నేటికిని నడచుచున్నది. 1735లో తొమ్మిది వందలకు పైగా పాటలతో వారి గ్రంథ మచ్చయ్యెను.

ఈ సంఘమే యమెరికాలో ఉత్తర కరోలినా యందు సేలము పట్టణమును 1766లో స్థాపించెను. అచ్చట సంఘమే బానిసలను కలిగి యుండెను. అయినను మొదట నల్లవారును తెల్లవారును ఒకే దేవాలయములో కూర్చుండి యొకే పాటలు పాడిరి. కాలక్రమమున తెల్లవారికి అది యవమానముగా తోచెను. 1822లో నల్లవారికి వేఱు సంఘము, 1823లో వేఱు దేవాలయము ఏర్పడెను. పాటలు మాఱలేదు, మనుష్యులు మాఱిరి. వెట్టిచాకిరి లేదని యొప్పుకొన్న యూరి సంతతివారు మనుష్యులను కొని యమ్మిరి. ఆ దోషమునకు సంఘము బహిరంగముగా క్షమాపణ చెప్పుకొన్నది 2006లో.

మన గ్రామములలోను ఒకే కీర్తనలను పాడుచు వేఱువేఱు ప్రార్థనాలయములకు పోవువారు గలరు. వారిని గూర్చి యాలోచించునపుడు నాకు హెర్న్‌హూట్, సేలము రెండును జ్ఞప్తికి వచ్చును. న్యాయము ముందు నడచినచో పాట దానికి తోడై నిలుచును. న్యాయము వెనుకబడినచో నెంత మధురమైన పాటయు గోడకు రెండు వైపుల వినబడు ధ్వని మాత్రమే యగును.